ఎస్ విలువ 2 దాటడం లేదంటే: బెల్ పరీక్ష అమరికపై ఒక కేస్ స్టడీ

రెండు ఫోటాన్ల (కాంతి కణాల) మధ్య ఎంటాంగిల్‌మెంట్, అంటే విడివిడిగా వర్ణించలేని క్వాంటం సంబంధం, ఉందని బోధనా ల్యాబ్‌లో చూపించడానికి కట్టే అమరిక ఇది. 405 నానోమీటర్ల డయోడ్ లేజర్, ఒకదానికొకటి ఆనించిన రెండు బీబీఓ (బేరియం బోరేట్) స్ఫటికాలు, ఎంచుకున్న ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) గల కాంతినే వదిలే రెండు పోలరైజర్లు, రెండు సిలికాన్ అవలాంచ్ ఫోటోడయోడ్ డిటెక్టర్లు, రెండు డిటెక్టర్లలో ఒకేసారి పడిన ఫోటాన్లను జంటగా లెక్కించే ఒక కోయిన్సిడెన్స్ కౌంటర్. ఫోటాన్ జంటలు వస్తున్నాయి, లెక్కలు నిలకడగా ఉన్నాయి, పోలరైజర్ తిప్పితే జంట లెక్క పెరుగుతోంది, తగ్గుతోంది. అయినా ఎస్ విలువ 1.64 దగ్గరే ఆగిపోయింది. వేర్వేరు పోలరైజర్ కోణాల్లో రెండు ఫోటాన్ల ఫలితాలు ఎంతగా కలుస్తున్నాయో ఒక్క అంకెలో చెప్పేదే ఎస్; దాన్ని 2తో పోల్చడమే బెల్ పరీక్ష. స్థానిక దాగిన చరరాశులతో, అంటే ఫోటాన్లు వెంట తెచ్చుకునే, దూరం నుంచి ప్రభావం పడని కనిపించని సమాచారంతో నడిచే ఏ సిద్ధాంతమూ ఎస్‌ను 2 దాటించలేదు. క్వాంటం సిద్ధాంతం 2√2 వరకు, అంటే సుమారు 2.83 వరకు ఇస్తుంది. కాబట్టి 1.64తో ఏదీ తేలలేదు. 2 లోపు వచ్చిన ఫలితం క్వాంటం సిద్ధాంతాన్ని కాదనదు, అవుననదు.

ఇలాంటప్పుడు చాలామంది కోణాలు మళ్లీ సరిచూసి, ఎస్‌ను మళ్లీ కొలుస్తారు. దానివల్ల ఒరిగేది తక్కువ. పదహారు కొలతలు కలిసి ఒక్క అంకెగా మారినదే ఎస్. ఏ లోపం అందులో ఎంత తినేసిందో ఆ అంకెలో కనిపించదు. ముందు రెండు విజిబిలిటీలను, అంటే పోలరైజర్ తిప్పినప్పుడు జంట లెక్క ఎంత బలంగా మారుతుందో చెప్పే అంకెలను, విడివిడిగా కొలవాలి. అవి చేతిలో ఉంటే ఎస్ ఎంత రావాలో కొలవకముందే చెప్పవచ్చు, లోపం ఎక్కడుందో కూడా చెప్పవచ్చు.

కింద వాడిన లెక్కలు ఈ తరహా అమరికలో మామూలుగా కనిపించే స్థాయిలో ఎంచుకున్నవి. ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా వస్తుందో కాలిక్యులేటర్‌తో సరిచూసుకోవచ్చు.

అమరిక

స్ఫటికంలో జరిగేది స్పాంటేనియస్ పారామెట్రిక్ డౌన్ కన్వర్షన్. 405 నానోమీటర్ల పంప్ (స్ఫటికంలోకి పంపే లేజర్) ఫోటాన్ ఒకటి అరుదుగా విడిపోయి, 810 నానోమీటర్ల ఫోటాన్లు రెండు పుడతాయి. శక్తి నిత్యత్వం వల్ల తరంగదైర్ఘ్యం రెట్టింపవుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వం వల్ల ఆ రెండూ పంప్ కిరణానికి చెరో పక్కకు వెళతాయి. బీబీఓ స్ఫటికాన్ని దృక్ అక్షానికి (కాంతి వేగం ధ్రువణంతో మారని దిశకు) సుమారు 29° కోణంలో కోయిస్తే టైప్ 1 పద్ధతిలో (రెండు ఫోటాన్లకూ ఒకే ధ్రువణం వచ్చేది) ఫోటాన్లు 3° అర్ధకోణం గల శంకువుగా బయటికి వస్తాయి. స్ఫటికం నుంచి 1 మీటరు దూరంలో కిరణ మార్గానికి 52 మిల్లీమీటర్లు ఇటూ అటూ కలెక్షన్ లెన్సులు పెట్టాలి. ఈ లెక్క ముందే వేసుకుని టేప్‌తో గుర్తులు పెట్టుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

స్ఫటికాలు రెండూ 0.5 మిల్లీమీటర్ల మందం. మొదటిదాని దృక్ అక్షం నిలువు తలంలో, రెండోదానిది అడ్డ తలంలో ఉంటుంది. పంప్ ధ్రువణం నిలువుగా ఉంటే మొదటి స్ఫటికం పనిచేసి రెండు ఫోటాన్లనూ అడ్డ ధ్రువణంతో ఇస్తుంది. దీన్ని హెచ్‌హెచ్ అందాం. పంప్ అడ్డంగా ఉంటే రెండో స్ఫటికం పనిచేసి రెండింటినీ నిలువు ధ్రువణంతో ఇస్తుంది, ఇది వివి. ధ్రువణాన్ని తిప్పే పలక అయిన హాఫ్ వేవ్ ప్లేట్‌తో పంప్‌ను 45°కు తిప్పితే రెండు అవకాశాలూ సమానం. జంట ఏ స్ఫటికంలో పుట్టిందో చెప్పే గుర్తు ఎక్కడా మిగలకపోతే వచ్చేది హెచ్‌హెచ్, వివిల సూపర్‌పొజిషన్, అంటే రెండు అవకాశాలూ కలిసి ఉండే ఒకే క్వాంటం స్థితి. పాల్ క్వియట్ బృందం 1999లో ప్రచురించిన పద్ధతి ఇదే. ఖర్చూ శ్రమా తక్కువ కావడంతో బోధనా ల్యాబ్‌లు దీన్నే ఎంచుకున్నాయి.

అమర్చేటప్పుడు పనికొచ్చే వివరం ఒకటుంది. స్ఫటికాల జంటను అడ్డ ఇరుసు చుట్టూ వంచితే మొదటి స్ఫటికపు ఫేజ్ మ్యాచింగ్ (జంటలు పుట్టడానికి కావాల్సిన తరంగాల పొందిక) మారుతుంది, హెచ్‌హెచ్ లెక్క కదులుతుంది. నిలువు ఇరుసు చుట్టూ వంచితే రెండోది మారి వివి లెక్క కదులుతుంది. రెండు మరలూ దాదాపు స్వతంత్రం. కాబట్టి మొదట రెండు పోలరైజర్లనూ 0° దగ్గర పెట్టి ఒక మరతో హెచ్‌హెచ్‌ను గరిష్ఠానికి తేవాలి. తర్వాత 90° దగ్గర పెట్టి రెండో మరతో వివిని గరిష్ఠానికి తేవాలి. చివర్లో పంప్ హాఫ్ వేవ్ ప్లేట్‌ను కొద్దిగా కదిపి రెండింటినీ సమం చేయాలి. ఈ వరస తలకిందులైతే ప్లేట్‌తో ఎంత సమం చేసినా జంటలు తక్కువగానే ఉంటాయి.

కలెక్షన్‌ను వరసలో పెట్టడానికి డిటెక్టర్ వైపు ఫైబర్‌లోకి సుమారు 810 నానోమీటర్ల సహాయక లేజర్‌ను వెనక్కి పంపి, ఆ చుక్క స్ఫటికంలో పంప్ చుక్కపై పడేలా చేయాలి. ఫైబర్ ముందు 10 నానోమీటర్ల పట్టీ గల ఇంటర్‌ఫెరెన్స్ ఫిల్టర్ ఉంటుంది. డిటెక్టర్లకు విద్యుత్తు ఉన్నంతసేపు గది దీపాలు వెలగకూడదు. మామూలు వెలుతురుకే అవి పాడైపోతాయి. 405 నానోమీటర్ల కాంతి కంటికి అసలు తీవ్రత కంటే మసకగా కనిపిస్తుంది కాబట్టి తగిన కళ్లద్దాలు లేకుండా కిరణాన్ని సర్దకూడదు. బీబీఓ తేమను పీలుస్తుంది. వాడనప్పుడు పొడి డబ్బాలో ఉంచాలి.

మిశ్రమమా, సూపర్‌పొజిషనా

ఈ కేసుకు కీలకం ఇక్కడుంది. రెండు పోలరైజర్లూ 0°–90° గుంపులో ఉన్నప్పుడు జంట లెక్క గరిష్ఠం, కనిష్ఠం చూస్తాం. వాటి తేడాను మొత్తంతో భాగిస్తే హెచ్–వి విజిబిలిటీ. రెండూ +45°, −45° గుంపులో ఉన్నప్పుడు వచ్చేది వికర్ణ విజిబిలిటీ.

స్ఫటికం కొన్నిసార్లు హెచ్‌హెచ్ జంటను, కొన్నిసార్లు వివి జంటను ఏ దశాసంబంధమూ (తరంగాల హెచ్చుతగ్గుల మధ్య పొందిక) లేకుండా ఇస్తోందనుకోండి. అది ఉత్త మిశ్రమం. హెచ్–వి విజిబిలిటీ అప్పుడు కూడా 100% వస్తుంది, ఎందుకంటే రెండు ఫోటాన్ల ధ్రువణం ప్రతిసారీ ఒక్కటే. వికర్ణ విజిబిలిటీ మాత్రం సున్నా. నిజమైన ఎంటాంగిల్డ్ స్థితిలో రెండూ 100%. అందుకే హెచ్–వి విజిబిలిటీ 98% వచ్చిందని సంతోషిస్తే ఎంటాంగిల్‌మెంట్ గురించి మనకు తెలిసింది శూన్యం. ఎంటాంగిల్‌మెంట్‌కు సాక్ష్యం వికర్ణంలోనే ఉంది.

ఎస్‌కూ ఈ రెండు విజిబిలిటీలకూ సూటి సంబంధం ఉంది. మొదటి పోలరైజర్‌కు 0°, 45°, రెండోదానికి 22.5°, 67.5° వాడితే, ఎస్ = √2 × (హెచ్–వి విజిబిలిటీ + వికర్ణ విజిబిలిటీ). రెండూ 1 అయితే 2.83. ఉత్త మిశ్రమానికి √2 × (1 + 0), అంటే 1.41. విజిబిలిటీల మొత్తం 1.41 దాటితేనే ఎస్ 2 దాటుతుంది. ఎక్కడ చూసినా 71% విజిబిలిటీ కావాలంటారే, ఆ మాట రెండూ సమానమైనప్పటి లెక్క.

ఈ ఒక్క సూత్రంతో 1.64 వేరేలా కనిపిస్తుంది. అది 2కు దగ్గరగా వచ్చి ఆగిన విలువ కాదు, మిశ్రమం ఇచ్చే 1.41కు దగ్గరగా ఉన్న విలువ.

మొదటి కొలతలు

సెకనుకు అంకెలివి. ఒక్కో డిటెక్టర్ విడి లెక్క 30,000. కోయిన్సిడెన్స్ విండో, అంటే రెండు ఫోటాన్లను జంటగా లెక్కించే కాల వ్యవధి, 25 నానోసెకండ్లు. హెచ్–వి గుంపులో జంట లెక్క గరిష్ఠం 250, కనిష్ఠం 25: విజిబిలిటీ 0.818. వికర్ణంలో గరిష్ఠం 185, కనిష్ఠం 90: విజిబిలిటీ 0.345. మొత్తం 1.163ను √2తో గుణిస్తే 1.64. కొలిచిన ఎస్ కూడా అదే. అంటే కోణాల్లో తప్పు లేదు. విజిబిలిటీలే ఎస్‌ను పూర్తిగా వివరిస్తున్నాయి. కొలిచిన ఎస్‌కూ ఈ లెక్కకూ పొంతన లేకపోతే మాత్రం కోణాలను అనుమానించాలి.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. హెచ్–వి ఎందుకు 0.98 దగ్గర లేదు? వికర్ణం ఎందుకు అంత కింద ఉంది? వీటి కారణాలు వేరు, మందులూ వేరు.

కాకతాళీయ జంటలు

సంబంధం లేని రెండు ఫోటాన్లు ఒకే విండోలో పడినా కౌంటర్ వాటిని జంటగానే లెక్కిస్తుంది. ఇలాంటి కాకతాళీయ జంటల రేటు రెండు విడి లెక్కల లబ్ధాన్ని విండోతో గుణిస్తే వస్తుంది. 30,000 × 30,000 × 25 నానోసెకండ్లు = సెకనుకు 22.5. హెచ్–వి కనిష్ఠంలో ఉన్న 25లో 22.5 ఇవే. పోలరైజర్ కోణంతో సంబంధం లేకుండా ప్రతి లెక్కకూ ఇంతే కలుస్తుంది కాబట్టి విజిబిలిటీలు రెండూ పడిపోతాయి.

వీటిని తీసివేస్తే హెచ్–వి 227.5, 2.5, విజిబిలిటీ 0.978. వికర్ణం 162.5, 67.5, విజిబిలిటీ 0.413. అప్పుడు ఎస్ 1.97. గమనించండి: తీసివేత తర్వాత కూడా 2 దాటలేదు. కాకతాళీయాలు ఒక్కటే కారణం కాదని ఇది తేల్చేసింది.

తీసివేత లెక్కలో సరే గానీ, ఫలితాన్ని దాని మీద నిలబెట్టడం మంచిది కాదు. తీసివేసిన ప్రతి లెక్కా ఒక అదనపు ఊహ. బెల్ పరీక్షలో ఊహలు తగ్గించుకోవాలి, పెంచుకోకూడదు. పచ్చి లెక్కలతోనే 2 దాటాలి.

విండో 25 నానోసెకండ్లు ఎందుకైంది? డిటెక్టర్ ఇచ్చే పల్స్ పొడవు పది, పదిహేను నానోసెకండ్లు. రెండు పల్సులను నేరుగా యాండ్ గేట్‌కు (రెండూ ఒకేసారి ఉంటేనే సంకేతమిచ్చే సర్క్యూట్) ఇస్తే, కొంచెం ఒరుసుకున్నా జంట నమోదవుతుంది. విండో పల్స్ పొడవుకు దాదాపు రెట్టింపు. డిటెక్టర్ల కాల అనిశ్చితి మాత్రం నానోసెకండ్‌లో సగం లోపే. అంటే విండోలో ఎక్కువ భాగం చెత్తను ఏరడానికే పనికొస్తోంది. ఎఫ్‌పీజీఏలో (మనకు కావాల్సినట్టు మలుచుకోగల చిప్) పల్స్ ముందంచును మాత్రమే తీసుకుని చిన్న పల్స్‌గా మలిస్తే విండో 6 నానోసెకండ్లకు దిగుతుంది.

విండో తగ్గించగానే జంటలు మాయమయ్యాయంటే కంగారు పడనక్కర్లేదు, కేబుళ్లు చూడాలి. కోయాక్సియల్ కేబుల్‌లో సంకేతం మీటరుకు సుమారు 5 నానోసెకండ్లు తీసుకుంటుంది. 25 నానోసెకండ్ల విండోలో 1 మీటరు తేడా కనిపించదు; 6 నానోసెకండ్ల విండోలో అదే తేడా మొత్తం జంటలను బయటికి నెట్టేస్తుంది. రెండు కేబుళ్లూ ఒకే పొడవున ఉండాలి, లేదా ఎఫ్‌పీజీఏలో ఒక దారికి ఆలస్యం కలిపి గరిష్ఠం వెతకాలి. అదే ఆలస్యాన్ని 100 నానోసెకండ్లకు పెంచితే నిజమైన జంటలు పూర్తిగా పోయి కాకతాళీయాలు మాత్రమే మిగులుతాయి. సూత్రం ఇచ్చిన విలువను ఇలా నేరుగా సరిచూడాలి. రెండూ కలవకపోతే విండో మీరు అనుకున్నంత లేదన్నమాట.

విడి లెక్క కూడా తగ్గాలి, ఎందుకంటే కాకతాళీయాలు దాని వర్గంతో పెరుగుతాయి. లేజర్ ఆపి చూస్తే మిగిలేది గది వెలుతురు, డిటెక్టర్ల డార్క్ కౌంట్ (కాంతి లేకున్నా నమోదయ్యే లెక్కలు). లేజర్ వెలిగించి స్ఫటికం తీసేస్తే అదనంగా వచ్చేది అద్దాలు, మౌంట్ల ఫ్లోరసెన్స్. పరికరాల మీద వెలిగే చిన్న సూచిక దీపాలు కూడా వేల లెక్కలు తెస్తాయి. వాటికి నల్ల టేపు, ఫైబర్‌లకు నల్లటి తొడుగు, పంప్ కిరణానికి దాన్ని పీల్చేసే బీమ్ డంప్. ఈ కేసులో ఇలా 30,000 కాస్తా 22,000 అయింది. కాకతాళీయాలు ఇప్పుడు 22,000 × 22,000 × 6 నానోసెకండ్లు = 2.9. నిజమైన జంటలు ఒక్కటీ పోలేదు. హెచ్–వి విజిబిలిటీ పచ్చి లెక్కలతోనే 0.954.

దశ

వికర్ణంలో ఇంకా పెద్ద లోపం ఉంది. హెచ్‌హెచ్, వివిల మధ్య దశ సున్నా కాకపోతే వికర్ణ విజిబిలిటీ ఆ దశ కొసైన్‌తో తగ్గుతుంది. 90° అయితే పూర్తిగా పోతుంది. అచ్చం మిశ్రమంలాగే కనిపిస్తుంది, కానీ ఎంటాంగిల్‌మెంట్ పోలేదు. కాబట్టి వికర్ణం తక్కువగా ఉందని చూసి స్ఫటికాలు మార్చడానికి సిద్ధపడకూడదు.

దశను సర్దడానికి పంప్ దారిలో పలుచని క్వార్ట్జ్ ప్లేట్ పెట్టాలి, దృక్ అక్షం నిలువుగా. నిలువు ఇరుసు చుట్టూ దాన్ని కొంచెం కొంచెం వంచితే అడ్డ, నిలువు ధ్రువణాల మధ్య దశ మారుతుంది. పోలరైజర్లు +45°, −45° దగ్గర పెట్టి జంట లెక్క కనిష్ఠం వెతకాలి. గరిష్ఠాన్ని చూస్తూ సర్దకూడదు: ఈ కేసులో గరిష్ఠం 162 నుంచి 200కు పెరిగినప్పుడు కనిష్ఠం 67 నుంచి 30కి, సగం కంటే కిందికి పడింది. కనిష్ఠంలో మార్పు ఎంతో స్పష్టంగా తెలుస్తుంది.

నిజమైన జంటల వికర్ణ విజిబిలిటీ 0.41 నుంచి 0.74కు చేరింది. ఆ నిష్పత్తిని బట్టి దశ ముందు సుమారు 56° పక్కకు ఉంది. పచ్చి లెక్కలతో ఇప్పుడు వికర్ణం 0.722, హెచ్–వి 0.954, ఎస్ 2.37. ఒక చిన్న ప్లేటు వంచడంతో సరిహద్దు దాటింది.

డయోడ్ లేజర్ ఒక మోడ్ (తరంగదైర్ఘ్యాన్ని నిర్ణయించే డోలన రీతి) నుంచి ఇంకోదానికి దూకితే తరంగదైర్ఘ్యం మారి దశ కూడా దూకుతుంది. లేజర్ వెలిగించి కనీసం అరగంట వేడెక్కనిచ్చాకే ఈ సర్దుబాటు మొదలుపెట్టాలి. కొలత మధ్యలో +45°, −45° కనిష్ఠాన్ని మళ్లీ మళ్లీ చూస్తుండాలి.

ప్లేటు వంచినా పోని లోపం

0.74 దాటి ప్లేటు ఇంకేమీ చేయలేకపోయింది. ఇక్కడ రెండు కారణాలు కలిసి ఉంటాయి, రెండింటి మూలమూ ఒక్కటే: జంట ఏ స్ఫటికంలో పుట్టిందో చెప్పే గుర్తు ఎక్కడో మిగిలి ఉంది.

మొదటి గుర్తు కాలానిది. మొదటి స్ఫటికంలో పుట్టిన 810 నానోమీటర్ల జంట రెండో స్ఫటికాన్ని వేగంగా దాటుతుంది. రెండో స్ఫటికంలో జంటను పుట్టించాల్సిన 405 నానోమీటర్ల పంప్ భాగం మొదటి స్ఫటికాన్ని అంతకంటే నెమ్మదిగా దాటి వస్తుంది. 0.5 మిల్లీమీటర్ల మందానికి ఈ తేడా 50 మైక్రోమీటర్ల దారికి సమానమైన స్థాయిలో ఉంటుంది. పంప్ లేజర్ స్పెక్ట్రం వెడల్పు 1 నానోమీటరు అయితే దాని కోహిరెన్స్ పొడవు (తరంగం దశను నిలుపుకునే దూరం) సుమారు 160 మైక్రోమీటర్లు. 50 అందులో చిన్నదే గానీ ఉపేక్షించదగ్గది కాదు. ఒకే మోడ్‌లో నడిచే, సన్నని స్పెక్ట్రం గల లేజర్ వాడితే ఈ సమస్యే ఉండదు. అందుకే ఒక ల్యాబ్‌లో చక్కగా పనిచేసిన స్ఫటికాలు ఇంకో లేజర్‌తో పనిచేయనట్టు కనిపిస్తాయి.

మందు ముందస్తు సవరణ. పంప్ దారిలో, స్ఫటికాల కంటే ముందు ఇంకో ద్వివక్రీభవన (ధ్రువణాన్ని బట్టి కాంతి వేగం మారే) పలకను పెట్టి, వెనకబడే భాగాన్ని అంతే దూరం ముందుకు తోయాలి. క్వార్ట్జ్ ద్వివక్రీభవనం 405 దగ్గర సుమారు 0.0095, 50 మైక్రోమీటర్లకు సుమారు 5 మిల్లీమీటర్ల పలక కావాలి. దాన్ని 90° తిప్పి పెడితే తేడా తగ్గకపోగా రెట్టింపవుతుంది. పలక పెట్టాక వికర్ణం దిగజారిందంటే పలకను తీసేయకూడదు, 90° తిప్పి చూడాలి. దిగజారడం కూడా ఒక రుజువే: కోల్పోయిన విజిబిలిటీకి కాలపు తేడా కారణమని అది చెబుతోంది. ప్రతిసారీ పలుచని ప్లేటును మళ్లీ వంచి దశను కొత్తగా సర్దుకోవాలి, లేకపోతే పలక ప్రభావం దశ ప్రభావంలో కలిసిపోయి ఏదీ తెలియదు. ఈ కేసులో 0.74 నుంచి 0.86 వచ్చింది.

రెండో గుర్తు దిశది. స్ఫటికం నుంచి ఫోటాన్ బయటికి వచ్చే కోణం కొద్దిగా మారినా హెచ్‌హెచ్, వివిల మధ్య దశ మారుతుంది. కలెక్షన్ ద్వారం వెడల్పుగా ఉంటే రకరకాల దశలున్న జంటలు కలిసి సగటు పడి వికర్ణ విజిబిలిటీ కరిగిపోతుంది. ఐరిస్‌లను (వెడల్పు మార్చగలిగే ద్వారాలను) కుదించడం సులువైన మందు, వెల మాత్రం జంటలతో చెల్లించాలి: విజిబిలిటీ 0.93కు పెరిగింది, గరిష్ఠ, కనిష్ఠ జంట లెక్కల మొత్తం సెకనుకు 230 నుంచి 140కి తగ్గింది. జంటలు వదులుకోలేని చోట రెండు దారుల్లోనూ తగిన మందం గల బీబీఓ పలకలు పెట్టి కోణంతో మారే దశను రద్దు చేస్తారు. బోధనా ల్యాబ్‌కు ఐరిస్‌లు చాలు.

కోణాల్లో నిజంగా జరిగే తప్పులు

పోలరైజర్ సున్నా గుర్తు 1° తప్పితే ఎస్ తగ్గేది వెయ్యో వంతు కూడా ఉండదు, ఎందుకంటే నష్టం తప్పు కోణానికి రెట్టింపు కొసైన్ మీద ఆధారపడుతుంది. 5° తప్పితే 1.5% పోతుంది. కోణాల కచ్చితత్వం మీద వారాలు గడపడం అనవసరం.

నష్టం చేసేవి రెండు పెద్ద తప్పులు. పోలరైజర్ బదులు హాఫ్ వేవ్ ప్లేట్, దాని వెనక కదలని పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్ (ధ్రువణాన్ని బట్టి కాంతిని రెండు దారులుగా విడదీసేది) వాడేవాళ్లు ప్లేట్‌ను సగం కోణమే తిప్పాలి, 22.5° విశ్లేషణకు ప్లేట్ 11.25°. ఇది మరిచి 22.5° తిప్పితే ఎస్‌కు అర్థం ఉండదు.

రెండోది దిశ. ఒక దారిలో కోణాన్ని కిరణం వెళ్లే వైపు చూసి, ఇంకో దారిలో ఎదురుగా చూసి కొలిస్తే ఒకవైపు +45° నిజానికి −45° అవుతుంది. అప్పుడు సూత్రంలో రెండు విజిబిలిటీలు కలవాల్సింది పోయి ఒకదాని నుంచి ఇంకోటి తీసివేతకు వస్తుంది. ఎస్ దాదాపు సున్నా. దశ 180° పక్కకు ఉన్నా ఇదే ఫలితం. సున్నా వచ్చిందంటే మూలం చెడిపోలేదు, గుర్తు ఒకటి తిరగబడిందని అర్థం. రెండో దారి కోణాలన్నిటికీ గుర్తు మార్చితే పూర్తి విలువ తిరిగి వస్తుంది.

ఇంకో పరీక్ష అందరూ చేయాల్సింది, చాలామంది చేయనిది. పోలరైజర్ తిప్పుతున్నప్పుడు విడి లెక్క మారకూడదు. ఎంటాంగిల్డ్ జంటలో ఒక్క ఫోటాన్‌ను చూస్తే దానికి ధ్రువణమే ఉండదు. అవతలి పోలరైజర్ ఎటు తిరిగినా ఇవతలి విడి లెక్క కదలదు. కాంతి కంటే వేగంగా సందేశం పంపలేమన్న నియమం ఇక్కడ ప్రతి సెకనూ కౌంటర్ మీద కనిపిస్తుంది. విడి లెక్క తన పోలరైజర్‌తో మారుతోందంటే పోలరైజర్ గాజు కొద్దిగా ఏటవాలుగా ఉండి కిరణాన్ని ఫైబర్ నుంచి పక్కకు తోస్తోంది, లేదా హెచ్‌హెచ్, వివి సమంగా లేవు.

చివరి కొలత

ఐరిస్‌లు కుదించాక విడి లెక్క 16,000, కాకతాళీయాలు 1.5. పచ్చి లెక్కలతో హెచ్–వి 0.959, వికర్ణం 0.910. ఊహించాల్సిన ఎస్ 2.64.

ఒక కోణాల జతలో రెండు ఫలితాలు ఎంతగా కలుస్తున్నాయో చెప్పేది సహసంబంధం; ఎస్‌లో అలాంటివి నాలుగు. సహసంబంధం ఒక్కోదానికి నాలుగు లెక్కలు కావాలి. 0°, 22.5° జతకు 10 సెకండ్లలో రమారమి ఇలా వస్తాయి: (0°, 22.5°) 1,200, (90°, 112.5°) 1,200, (0°, 112.5°) 230, (90°, 22.5°) 230. మొదటి రెండింటి మొత్తం నుంచి చివరి రెండింటి మొత్తం తీసివేసి, అన్నిటి మొత్తం 2,860తో భాగిస్తే 0.678. మిగతా మూడు జతలకూ ఇదే పద్ధతి, 0°, 67.5° జతకు వచ్చేది రుణ విలువ, దాన్ని తీసివేయాలి, మిగతావి కలపాలి.

లెక్కింపు అనిశ్చితి ఒక్కో సహసంబంధానికి సుమారు 0.014, నాలుగూ కలిసి ఎస్‌కు 0.028. అంటే 2 కంటే 23 ప్రామాణిక విచలనాలు పైన. మొత్తం లెక్కింపు సమయం 160 సెకండ్లు. ఈ 23ను మరీ ఎక్కువగా నమ్మకూడదు. ఇందులో లేజర్ తీవ్రత జారుడు, దశ జారుడు లేవు. పదహారు కోణాలనూ ఒకే వరసలో ఒకసారి కాకుండా, ఒక్కో సెకను చొప్పున వరస మార్చి పదిసార్లు తిరిగితే ఆ జారుడు ఏ ఒక్క సహసంబంధం మీదా పేరుకోదు.

2.64 ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఐన్‌స్టైన్, పొడోల్‌స్కీ, రోజెన్ 1935లో లేవనెత్తిన ప్రశ్నను జాన్ బెల్ 1964లో కొలవగలిగే అసమానతగా మార్చాడు. ఇక్కడ వాడిన రూపం క్లౌజర్, హోర్న్, షిమోనీ, హోల్ట్ 1969లో ఇచ్చింది. 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ కాల్షియం పరమాణువుల నుంచి వచ్చే జంటలతో తొలి ప్రయోగం చేశారు. సుమారు 200 గంటలు లెక్కించాల్సి వచ్చింది. ఈ అమరికలో అదే ప్రశ్నకు 160 సెకండ్లు సరిపోవడానికి కారణం డౌన్ కన్వర్షన్ స్ఫటికం.

కానీ ఈ అమరిక రెండు ఊహల మీద నిలబడి ఉంది. జంట లెక్కను విడి లెక్కతో భాగిస్తే 1% కూడా లేదు. పుట్టిన జంటల్లో అత్యధిక భాగం కౌంటర్‌కు చేరనేలేదు; చేరినవి మిగతావాటికి ప్రతినిధులని ఒప్పుకుంటేనే ఫలితానికి బలం. ఈ ఊహ అక్కర్లేకుండా పరీక్షించాలంటే సమాన ఎంటాంగిల్‌మెంట్ ఉన్న స్థితికి 82.8% గుర్తింపు సామర్థ్యం కావాలి. హెచ్‌హెచ్, వివిలను కావాలనే అసమానంగా ఉంచితే 66.7% చాలని ఎబర్‌హార్డ్ 1993లో చూపించాడు. రెండో ఊహ దూరానిది: పోలరైజర్ల మధ్య 1 మీటరును కాంతి 3.3 నానోసెకండ్లలో దాటేస్తుంది, మోటారు తిప్పడానికి సెకండ్లు పడుతుంది. ఒకవైపు ఎంపిక ఇంకోవైపుకు తెలియలేదని ఈ అమరిక హామీ ఇవ్వలేదు. అస్పే బృందం 1982లో 12 మీటర్ల దూరంలో, 10 నానోసెకండ్లకోసారి దారి మార్చే స్విచ్‌లతో ఈ వైపు మొదటి అడుగు వేసింది. 1998లో ఇన్స్‌బ్రుక్ బృందం దూరాన్ని 400 మీటర్లకు పెంచి, ఎంపికను నిజమైన యాదృచ్ఛిక సంఖ్యలకు అప్పగించింది.

ఈ రెండు ఊహలు మిగిల్చిన లొసుగులు రెండూ ఒకేసారి మూసుకున్నది 2015లో. డెల్ఫ్ట్‌లో వజ్రంలోని నైట్రోజన్ వేకెన్సీ కేంద్రాలను (నైట్రోజన్ పరమాణువు, దాని పక్కన ఖాళీ ఉన్న చోట్లను) 1.3 కిలోమీటర్ల దూరంలో ఉంచి 245 ప్రయత్నాల్లో ఎస్ 2.42, అనిశ్చితి 0.20 పొందారు. 245 లెక్కలతో వచ్చిన ఆ 2.42, పదకొండు వేల పైచిలుకు లెక్కలతో వచ్చే ఈ 2.64 కంటే బరువైనది; ఎస్ ఎంత పెద్దదన్న దానికంటే ఏ ఊహలు లేకుండా వచ్చిందన్నదే ముఖ్యం. అదే ఏడాది వియన్నా, బౌల్డర్ బృందాలు డౌన్ కన్వర్షన్ ఫోటాన్లతోనే లొసుగులు మూశాయి. అస్పే, క్లౌజర్, ఇన్స్‌బ్రుక్, వియన్నా బృందాలను నడిపిన జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. 2023లో జ్యూరిక్ బృందం 30 మీటర్ల శీతల గొట్టంతో కలిపిన సూపర్ కండక్టింగ్ సర్క్యూట్లతో ఇదే సాధించింది.

ప్రకృతి స్థానిక వాస్తవికతను (ఫలితాలు ముందే నిర్ణయమై ఉంటాయని, దూరం నుంచి తక్షణ ప్రభావం ఉండదన్న భావనను) పాటిస్తుందా అన్న ప్రశ్న తేలాక పరిశోధన ఇంకోవైపు తిరిగింది: ఎస్‌ను పనిముట్టుగా వాడటం. ఎస్ తగినంత 2 దాటితే, పరికరం లోపల ఏముందో తెలియకపోయినా అందులోంచి వచ్చిన సంఖ్యల రహస్యత్వానికి, యాదృచ్ఛికతకు హామీ ఇవ్వవచ్చు. పరికరాన్ని నమ్మకుండా రహస్య తాళం పంచుకునే ఈ పద్ధతిని 2022లో ఆక్స్‌ఫర్డ్‌లో అయాన్లతో, మ్యూనిక్‌లో 400 మీటర్ల దూరంలోని పరమాణువులతో చేసి చూపించారు. ఫోటాన్లతో అదే చేయాలంటే సామర్థ్యమే అడ్డు, ఫైబర్ పొడవు పెరిగే కొద్దీ నష్టం పెరుగుతుంది.

ఈ అమరికను ఆ దిశగా తీసుకెళ్లాలనుకునేవాళ్లు మార్చాల్సినవి ఇవి: శంకువుగా చెదిరే బీబీఓ బదులు ఒకే దిశలో ఇచ్చే పీరియాడిక్ పోలింగ్ స్ఫటికం, మల్టీమోడ్ ఫైబర్ బదులు సింగిల్ మోడ్, దానికి సరిపడేలా పంప్ చుక్క వెడల్పు, సన్నని ఫిల్టర్ బదులు నష్టం లేని లాంగ్ పాస్ (పొడవైన తరంగదైర్ఘ్యాలన్నీ వదిలే ఫిల్టర్), సిలికాన్ డిటెక్టర్ల బదులు 90% పైబడి గుర్తించే సూపర్ కండక్టింగ్ డిటెక్టర్లు. ఒక్కో గాజు ఉపరితలం పూత లేకుండా 4% కాంతిని వెనక్కి పంపుతుంది. అలాంటి ఉపరితలాలు పది ఉంటే మూడో వంతు ఫోటాన్లు పోయి మిగిలేది 66.5%. మిగతావన్నీ పరిపూర్ణంగా ఉన్నా 66.7% గీత అక్కడే చేజారుతుంది. కాబట్టి మొదటి పని డిటెక్టర్లు కొనడం కాదు, దారిలో ఉన్న గాజు ముఖాలను లెక్కపెట్టి వాటికి పూత వేయించడం.